లక్షా ఎనభై వేల మాస్టిఫ్ పిల్ల, పటమట ఎండ

తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఆ కుక్కపిల్లకి యాభై వేల అడ్వాన్స్ ఇంకా వేయలేదు కదా? వేయకపోతే ఇవాళ్టికి వేయకు. ఇది చదివాక ఇక నీ ఇష్టం.

నువ్వు అడిగింది మళ్లీ ఇక్కడ రాస్తున్నా, మిగతావాళ్లకీ అర్థమవుతుందని. విజయవాడ పటమటలో సొంత ఫ్లాట్, మూడో అంతస్తు, పైన డాబా వాడుకోవచ్చు. ఇంట్లో నువ్వూ, మీ ఆవిడా, ఆరేళ్ల పాపా, మీ అమ్మగారూ. ఊళ్లో ఎవరి దగ్గరా లేని జాతి కుక్క కావాలి, రెండు లక్షల దాకా పెడతానంటున్నావు. హైదరాబాద్‌లో ఒకాయన టిబెటన్ మాస్టిఫ్ (టిబెట్ కొండల భారీ కాపలా కుక్క) పిల్ల, 40 రోజులది, లక్షా ఎనభై వేలకి ఇస్తానన్నాడు. "ఇంపోర్ట్ లైన్, షో క్వాలిటీ, హెవీ బోన్" అంటూ, అంటే విదేశీ వంశం, పోటీలకి పనికొచ్చేది, ఎముక లావు అంటూ ఫొటోలు పెట్టాడు. కొనొచ్చా, లేకపోతే ఇంకేదైనా అరుదైన జాతి ఉంటే చెప్పన్నా, అని నీ ప్రశ్న.

నా సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నా. పుట్టి పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో, ఇరవై ఆరేళ్లుగా కుక్కలతోనే బతుకు. మొదట్లో డాబర్‌మన్‌లు పెంచి పిల్లల్ని అమ్మా, తర్వాత అమ్మకం మానేశా, ఇప్పుడు తాడేపల్లి దగ్గర బోర్డింగ్ నడుపుతున్నా. అంటే ఊళ్లకెళ్లేవాళ్లు వాళ్ల కుక్కల్ని నా దగ్గర వదిలి వెళతారు. జనం మురిసిపోయి కొన్న కుక్క రెండేళ్ల తర్వాత ఎలా ఉంటుందో రోజూ చూసే పని నాది. డాక్టర్ని కాదు, కాబట్టి మందుల సంగతి ఎక్కడా చెప్పను.

నీ ప్రశ్నలో రెండు మాటలు కలిసిపోయాయి, అరుదు, ఖరీదు. ఇవి రెండూ ఒకటి కావు. నార్వేలో లుండెహుండ్ అని ఒక కుక్క ఉంది, కాలికి ఆరు వేళ్లు, మెడ వెనక్కి వంచితే తల వీపుకి తగులుతుంది, సముద్రం ఒడ్డున కొండ బొరియల్లో పఫిన్ పక్షుల్ని పట్టడానికి పెంచిన జాతి. డిస్టెంపర్ జబ్బు వచ్చి 1963 నాటికి ఆరంటే ఆరు మిగిలాయి. ఇప్పుడున్నవన్నీ ఆ గుప్పెడు కుక్కల సంతానమే, అందుకే వాటిలో పేగుల జబ్బు ఆ జాతి పేరుతోనే పిలిచేంత మామూలైపోయింది. అరుదు అంటే ఇదీ. అది తిండి ఒంటికి పట్టక చిక్కిపోతుంటే చూస్తూ కూర్చోవాలి, దాన్ని చూపించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

చైనా వాళ్ల షార్ పే కథ ఇంకో రకం. ఒళ్లంతా ముడతలు పడి ఉంటుంది చూడు, అది. 1973లో హాంకాంగ్ నుంచి ఒకాయన, ఈ జాతి పోతోంది, కాపాడండి అని అమెరికా వాళ్లకి పత్రిక ద్వారా మొరపెట్టుకున్నాడు. 1978లో గిన్నిస్ బుక్ దాన్ని ప్రపంచంలోనే అత్యంత అరుదైన కుక్కగా రాసింది. ఇంకేముంది, అందరికీ కావాల్సి వచ్చింది. ముడతలు ఎక్కువుంటే రేటు ఎక్కువ, కాబట్టి ముడతలు ఎక్కువున్నవాటినే జత కలుపుతూ పోయారు. ఫలితం, కనురెప్పలు లోపలికి మడుచుకుపోయి వెంట్రుకలు కంటిగుడ్డుని గీరడం, చర్మం మడతల్లో పుండ్లు, ఉన్నట్టుండి జ్వరాలు. జాతి బతికింది, కుక్కకి మాత్రం సుఖం లేకుండా పోయింది. నా దగ్గరికి ఒక షార్ పే వస్తుండేది, రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది, దాన్ని పెంచే ఆవిడ రోజూ దూది పెట్టి ఆ మడతలన్నీ తుడవాలి. ఓపికమంతురాలు, తుడిచేది. మీ ఇంట్లో ఎవరు తుడుస్తారు?

ఇక నీ మాస్టిఫ్. దీని రేటు ఎలా పుట్టిందో తెలుసుకుంటే నీకే సగం అర్థమవుతుంది. చైనాలో కొత్తగా డబ్బొచ్చినవాళ్లకి ఇది హోదా అయిపోయింది. 2011లో ఒక ఎర్ర మాస్టిఫ్ కోటి యువాన్‌లకి అమ్ముడుపోయిందని, 2014లో ఇంకోటి కోటీ ఇరవై లక్షల యువాన్‌లకి పోయిందని ప్రపంచమంతా వార్తలు. మన లెక్కలో పది కోట్ల పైమాటే. ఆ వార్తల్లో ఎంత నిజం, ఎంత అమ్మకందారుల నాటకం అన్నది పక్కన పెట్టు. మరుసటి ఏడాది 2015లో ఏం జరిగిందో చూడు, మాంసానికి తోలుకెళుతున్న కుక్కల లారీని బీజింగ్‌లో ఆపితే అందులో టిబెటన్ మాస్టిఫ్‌లు దొరికాయి. పెద్ద కుక్కల మీద నగరాల్లో ఆంక్షలు, అడ్డమైన క్రాసింగులు, మోజు దిగిపోవడం, అన్నీ కలిసి రేటు కుప్పకూలింది. టిబెట్ వైపు వదిలేసినవి గుంపులు కట్టి తిరుగుతున్నాయి.

మనకి ఈ కథ కొత్తా? ఈము పక్షులు గుర్తున్నాయా? జత ఇంత, గుడ్డు ఇంత, నూనె ఇంత అని లెక్కలు కట్టి మన జిల్లాల్లో ఎంతమంది షెడ్లు వేశారో, చివరికి మేపలేక రోడ్ల మీదకి తోలేశారు. పక్షిని కొనేవాడు పక్షి కోసం కొనలేదు, ఇంకొకడికి పిల్లని అమ్మొచ్చని కొన్నాడు. ఆ వరసలో ఆఖరివాడు దొరకనిరోజు మొత్తం కూలింది. ఖరీదైన కుక్కల వ్యాపారం చాలావరకు ఈ బాపతే. "ఆడపిల్ల తీసుకోండి సార్, ఒక్కసారి ఈనితే మీ డబ్బు మీకొచ్చేస్తుంది" అని నీకు కూడా చెప్పే ఉంటాడు. చెప్పాడా లేదా?

టిబెటన్ మాస్టిఫ్ ఆడది చాలావరకు ఏడాదికి ఒక్కసారే హీట్‌కి, అంటే ఎదకి వస్తుంది, మిగతా జాతుల్లా రెండుసార్లు కాదు. ఆ లెక్క ఆయన చెప్పడు.

సరే, కుక్క ఒంటి సంగతికి వద్దాం, అసలు విషయం ఇదే. అది నాలుగు వేల మీటర్ల ఎత్తులో, ప్రాణవాయువు పలచగా ఉండే చోట, మంచులో పశువుల్ని కాయడానికి తయారైన జంతువు. అక్కడ బతకడానికి పనికొచ్చే జన్యువు ఒకటి దానికి టిబెట్ తోడేళ్ల నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు, లోపలిది దూది లాంటిది, పైది మొరటుది. ఇప్పుడు దాన్ని తెచ్చి మే నెలలో పటమటలో పెడదాం. మనం ఒళ్లంతా చెమట పట్టి చల్లబడతాం. కుక్కకి ఆ సౌకర్యం లేదు, పాదాల కింద కొంచెం తప్ప చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే దారి. ఆ వగర్పు పనిచేయాలంటే నాలుక మీది తడి ఆరాలి. కృష్ణ ఒడ్డున ఉక్కపోత ఉన్నప్పుడు మన లుంగీలే ఆరవు, దాని నాలుక ఏం ఆరుతుంది? రాజస్థాన్ ఎండ కన్నా మన ఎండ కుక్కకి ప్రమాదం అనేది అందుకే. అక్కడ పొడి వేడి, ఇక్కడ ఉడకబెట్టే వేడి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 106 దాటిందంటే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలు. ఆ నాలుగు డిగ్రీల తేడా మన ఊళ్లో అరగంటలో దాటిపోతుంది, నేను కళ్లారా చూశా.

చూశా అంటే నా కుక్కే. చెప్పడం ఇష్టం ఉండదు కానీ నీ కోసం చెబుతున్నా. 2008లో బెంగళూరు నుంచి సెయింట్ బెర్నార్డ్ పిల్లని తెచ్చా. ఆల్ప్స్ కొండల్లో 2,400 మీటర్ల పైన ఉన్న కనుమలో సన్యాసుల మఠంవాళ్లు మంచులో దారి తప్పినవాళ్లని వెతకడానికి పెంచిన జాతి అది. అప్పుడు నాకు వయసు, పొగరు, గుంటూరులో నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదని చెప్పుకోవడం. పేరు బ్రూనో, అప్పట్లో వీధికో బ్రూనో ఉండేవాడు. గదికి ఏసీ పెట్టించా, పొద్దున్న ఐదింటికే తిప్పి తెచ్చేవాణ్ణి, మొదటి ఎండాకాలం గట్టెక్కింది. రెండో మే నెలలో ఒక మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది, ఇన్వర్టర్‌కి ఏసీ లాగే శక్తి లేదు. నేను పెళ్లికి తెనాలి వెళ్లా. ఇంట్లో అమ్మ, కుక్క మూలుగుతుంటే ఫ్యాను వేసి, పాపం పెరుగన్నం పెట్టింది, ఆవిడకేం తెలుసు. నాలుగింటికి నేనొచ్చేసరికి చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి, కాళ్లు కదపట్లేదు. అరవై ఎనిమిది కిలోలు. నేనూ పక్కింటి కుర్రాడూ దుప్పట్లో వేసి కిందికి దించడానికే పది నిమిషాలు పట్టింది. ఆటోవాడు ఎక్కించుకోనన్నాడు. ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. అమ్మ ఆ పెరుగన్నం గిన్నె చాలా కాలం కడగలేదు.

కాబట్టి ఏసీ ఉంది కదన్నా అనకు. ఏసీ ఉండటం కాదు, ఏసీ పోయినప్పుడు ఏమవుతుందన్నదే లెక్క. మీ ఇంట్లో మధ్యాహ్నం పూట ఉండేది అమ్మగారూ పాపా. అరవై కిలోల కుక్కని వాళ్లిద్దరూ మూడంతస్తులు దించగలరా? బొచ్చు గొరిగించేద్దామని ఎవరైనా సలహా ఇస్తే అది కూడా వినకు. ఆ రెండు పొరల బొచ్చు వేడిని కూడా కొంత ఆపుతుంది, గొరిగితే చర్మం మాడుతుంది, కొన్నిటికి మళ్లీ సరిగా రాదు కూడా.

ఇంకోటి, ఇది రాత్రి కాపలా కుక్క. టిబెట్‌లో పగలు కట్టేసి రాత్రి వదులుతారు, రాత్రంతా మొరుగుతూ తిరగడం దాని ఉద్యోగం. పటమటలో రాత్రి పదకొండింటికి స్విగ్గీ కుర్రాడు వస్తాడు, పన్నెండింటికి పైవాళ్ల కారు, మూడింటికి పాలవ్యాను. ప్రతిదానికీ దాని గొంతు లేస్తుంది. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీ పేరు ఏమవుతుందో ఊహించుకో.

ఇప్పుడు ఆ అమ్మేవాడి మాటలు ఒక్కోటి విప్పుదాం.

40 రోజుల పిల్ల. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నిబంధనలు తెచ్చింది. ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, పిల్లకి మైక్రోచిప్ ఉండాలి. తల్లికి ఏడాదిన్నర నిండాలి, ఏడాదికి ఒక ఈత, జీవితం మొత్తం మీద ఐదు ఈతలు మించకూడదు. పాటించేవాళ్లు ఎంతమంది అంటే నవ్వొస్తుంది, కానీ నీ చేతిలో అది మంచి ఆయుధం. "మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ" అని ఒక్క ప్రశ్న అడుగు. నూటికి తొంభైమంది ఫోను పెట్టేస్తారు లేకపోతే కోప్పడతారు. నలభై రోజులకే వదిలించుకోవాలనుకోవడానికి కారణం, ఆ వయసులో పిల్ల బొద్దుగా, ముద్దుగా ఉంటుంది, పాల ఖర్చు తప్పుతుంది, పైగా రెండు నెలలు దాటితే జాతి తేడా బయటపడిపోతుంది. నల్లటి బొచ్చు పిల్ల నలభై రోజుల్లో మాస్టిఫా, కొండల మీది భోటియా కుక్కతో క్రాసా అని ఫొటోలో నేను కూడా చెప్పలేను. చెప్పగలనన్నవాణ్ణి నమ్మకు.

ఇంపోర్ట్ లైన్. ఇది చాలా తెలివైన మాట. 2016 ఏప్రిల్‌లో, పిల్లలు తీసి అమ్ముకోవడం కోసం విదేశాల నుంచి కుక్కల్ని తేవడాన్ని కేంద్రం నిషేధించింది. పెంపుడు కుక్కని వెంట తెచ్చుకునేవాళ్లకీ, రక్షణ, పోలీసు, పరిశోధన అవసరాలకీ దారి ఉంచింది. వచ్చినదానికి విమానాశ్రయంలో జంతు క్వారంటైన్ వాళ్లు ఇచ్చిన కాగితం ఉంటుంది. తండ్రి ఇంపోర్ట్ అంటే ఆ కాగితం చూపించమను. "లైన్" అంటే తాతకి ముత్తాత ఎప్పుడో వచ్చాడని అర్థం, దానికి కాగితం ఉండదు, రేటు మాత్రం ఉంటుంది.

కేసీఐ పేపర్లు. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్ అసలైనదైతే మంచిదే, కానీ అది వంశవృక్షం మాత్రమే. ఫలానా తల్లికీ తండ్రికీ పుట్టిందని చెబుతుంది, తుంటి కీళ్లు బాగున్నాయా, గుండె బాగుందా అని చెప్పదు. పైగా ఒక కుక్క కాగితం ఇంకో కుక్కకి అంటగట్టడం ఇక్కడ మామూలు. సర్టిఫికెట్ మీది చిప్ నంబరు పదిహేను అంకెలు ఉంటుంది. పశువైద్యుడి దగ్గర రీడర్‌తో మెడ వెనక చూపిస్తే ఆ నంబరే పలకాలి. పలకకపోతే పిల్ల వేరు, కాగితం వేరు.

షో క్వాలిటీ, హెవీ బోన్. నలభై రోజుల పిల్లకి షో క్వాలిటీ ఏంటి? అది ఎల్‌కేజీ పిల్లాడికి ఐఐటీ సీటు రాసివ్వడం లాంటిది.

వీటన్నిటికన్నా నాకు భయం పార్వో అనే వైరస్ జబ్బు. ఫొటో చూసి, బస్సు పార్సిల్‌లోనో రైల్లోనో తెప్పించుకున్న పిల్లలు నాలుగో రోజో ఐదో రోజో వాంతులు, నెత్తురు విరేచనాలతో పడిపోవడం నాకు బాగా తెలిసిన కథ. జబ్బు అక్కడే తగులుతుంది, వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. సరిగ్గా ఆ లోపే పిల్ల నీ చేతికొస్తుంది. నువ్వు ఫోన్ చేస్తే, "మా దగ్గర బాగానే ఉంది సార్, మీరే తిండి మార్చుంటారు" అంటాడు. తల్లిని కళ్లతో చూడకుండా, అదే చోట మిగతా పిల్లల్ని చూడకుండా కొనేది లేదని గట్టిగా అనుకో. తల్లిని చూపించకుండా "తోటలో ఉంది, ఊరెళ్లింది" అంటే అక్కడితో ఆపేయ్. కుక్క ఊరెళ్లడమేంటి?

ఇంకేదైనా జాతి చెప్పమన్నావు కాబట్టి నాకు రోజూ వచ్చే ఫోన్ల వరసలో చెబుతా, త్వరగా.

హస్కీ, మాలమ్యూట్: పైన చెప్పిందే, మంచు కుక్కలు. హస్కీ మొరగదు, ఏడుస్తుంది, పైగా పారిపోవడంలో పీహెచ్‌డీ. నా బోర్డింగ్ గోడ ఆరడుగులు, రెండు హస్కీలు దూకాయి.

ఫ్రెంచ్ బుల్‌డాగ్: చూడటానికి ముద్దొస్తుంది, ఖరీదు లక్ష దాకా చెబుతారు. ముఖం నొక్కేసినట్టు ఉంటుంది కాబట్టి గాలి పీల్చడమే కష్టం, వగర్చడం అంతకన్నా కష్టం, మన ఎండకి మాస్టిఫ్ కన్నా ముందు ఇదే పడిపోతుంది. తల పెద్దది, తల్లి నడుము సన్నం, చాలావరకు మామూలు కాన్పు జరగదు. బ్రిటన్‌లో 2010లో వచ్చిన ఒక పరిశోధనలో బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ ఈతల్లో ఎనభై శాతం పైన సిజేరియన్లే. నీలం రంగు, లైలాక్ రంగు, మెర్ల్ అనే చెదురు మచ్చలు అని రెట్టింపు రేటు చెబితే అసలు ముట్టుకోకు. రంగు పలచబడే ఆ జన్యువుతో బొచ్చు రాలి చర్మం పాడైపోవడం ఉంది. మెర్ల్‌ని మెర్ల్‌తో కలిపితే చెవుడు, గుడ్డితనం వచ్చే పిల్లలు పుడతాయి. రంగుకి డబ్బిస్తున్నావంటే జబ్బుకి డబ్బిస్తున్నావన్నమాట.

టీకప్ పొమరేనియన్ (అరచేతిలో పట్టేంత చిన్నదని అమ్మేది): అలాంటి జాతే లేదు. బలహీనమైన పిల్ల, లేకపోతే వయసు ఎక్కువ చేసి చెప్పిన పిల్ల.

కాకేషియన్ షెపర్డ్, కేన్ కోర్సో, తోడేలు క్రాసులు: భారీ కాపలా కుక్కలు, తోడేలు రక్తం ఉన్నవి, పాప ఉన్న ఇంటికి వద్దు, ఇంకేం చెప్పను. 2025లో బెంగళూరులో ఒకాయన తోడేలు కుక్కని యాభై కోట్లకి కొన్నానని దేశమంతా ప్రచారం చేసుకుంటే ఈడీ వాళ్లు ఇంటికెళ్లి ఆరా తీశారు, అంత డబ్బు చేతులు మారిన దాఖలా లేదని వార్తలొచ్చాయి. ఖరీదైన కుక్కల రేట్లు ఎలా పుడతాయో తెలియడానికి ఇది చాలు. ఇంకో సంగతి, 2024 మార్చిలో కేంద్రం ఇరవైమూడు రకాల కుక్కల్ని ప్రమాదకరమని చెప్పి అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకి రాసింది, అందులో రాట్‌వీలర్, పిట్‌బుల్‌తో పాటు మాస్టిఫ్‌లు అని గంపగుత్తగా ఉంది. ఎవర్నీ సంప్రదించకుండా ఇచ్చారని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. అంటే ఆ ఆదేశం పోయింది, అలాంటిది మళ్లీ రాదని ఎవరూ రాసివ్వరు. పదేళ్లు బతికే జంతువుని కొనేటప్పుడు ఇదీ ఆలోచించాలి.

ఖర్చు గురించి నువ్వు అడగలేదు, అందరూ అడగరు. కొనడానికి రెండు లక్షలు పెట్టేవాడు మేపడానికి నెలకి రెండు వేలు అనుకుంటాడు. అరవై కిలోల కుక్కకి మంచి తిండికి నెలకి ఏడెనిమిది వేలు, ఎండాకాలం ఏసీ కరెంటు ఇంకో నాలుగైదు వేలు, గోమార్ల మందు, టీకాలు, పొట్ట పురుగుల మందు, బొచ్చు దువ్వించడం. ఇవి నా దగ్గరికి వచ్చేవాళ్ల లెక్కలే. గోమార్ల సంగతి తేలిగ్గా తీసుకోకు, మన దగ్గర పన్నెండు నెలలూ ఉంటాయి, వాటివల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం కారుతుంది. దట్టమైన బొచ్చులో గోమారి దాక్కుంటే వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. జబ్బు పెద్దదైతే గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్లడం మంచిది, అది నీకు దగ్గరే.

బరువు గురించి ఒక్క ముక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నాకు తెలిసిన ఒకాయన మొదటి అంతస్తులో గ్రేట్ డేన్‌తో చిక్కుకున్నాడు. పడవ వచ్చింది, మనుషుల్ని ఎక్కించుకుంది, ఆ కుక్కని ఎలా ఎక్కించాలి? అది బెదిరి నీళ్లలో అడుగు పెట్టదు, ఎత్తడానికి ముగ్గురు కావాలి. భార్యా పిల్లల్ని పంపేసి ఆయన దాంతోనే మూడు రోజులు డాబా మీద ఉన్నాడు. అదే వీధిలో ఒక ముసలావిడ తన ఊరకుక్కని చంకలో పెట్టుకుని పడవెక్కింది.

సరే, వద్దు వద్దు అనడమేనా, ఏది కొనాలో చెప్పవా అంటావు. నీకు నిజంగా "ఎవరి దగ్గరా లేనిది" కావాలంటే మన వైపే ఉంది, వెతికితే గానీ దొరకదు. జొనంగి. పేరు విన్నావా? విజయవాడలో పదిమందిని అడుగు, తొమ్మిదిమందికి తెలీదు. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు వైపు బాతులు మేపేవాళ్ల కుక్క. ఒంటి మీద బొచ్చు ఉందా లేదా అన్నంత పొట్టిగా, ముఖం మీద సన్నటి ముడతలు. మామూలుగా మొరగదు, అదో రకంగా కూత పెడుతుంది, మొదటిసారి వింటే కుక్క అనుకోవు. నేలలో గుంట తవ్వుకుని అందులో పడుకుంటుంది, ఎండకి దాని ఏసీ అదే. వందల బాతుల్ని ఒక్కటి చెదరకుండా మళ్లిస్తుంది. కొల్లేట్లో చేపల చెరువులు వచ్చాక బాతుల పెంపకం తగ్గింది, కుక్కకి పని పోయింది. పని పోయిన కుక్క కడుపు నింపుకోవడానికి చెరువుల్లో చేపలు పట్టడం మొదలెడితే చెరువుల వాళ్లకి కంటగింపు అయింది. అలా తగ్గిపోయాయి. నేను పదేళ్ల కిందట మండవల్లి దాటాక ఒక బాతుల మంద దగ్గర చూశా. ఎంతకిస్తావు బాబాయ్ అంటే ఆయన నావైపు వింతగా చూసి, "కుక్కని అమ్మడమేంటండీ, ఈసారి పిల్లలు పెడితే రండి, ఒకటి పట్టుకెళుదురు గాని" అన్నాడు.

అయితే దాన్ని కూడా మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెట్టమని చెప్పను. దానికి నేల కావాలి, తవ్వుకోవాలి, పని కావాలి, ఒక్క మనిషినో ఒక్క ఇంటినో పట్టుకుని ఉంటుంది, వచ్చినవాళ్లందరికీ తోక ఊపదు. మీ ఊరు కంకిపాడు దగ్గర అన్నావు కదా, అక్కడ నాన్నగారి ఇంటికి దొడ్డి ఉంటే అప్పుడు ఆలోచించు. పిల్ల కోసం కైకలూరు వైపు ఒకటికి నాలుగుసార్లు తిరగాలి, ఊరకుక్కని చూపించి జొనంగి అనేవాళ్లూ ఉంటారు.

ఫ్లాట్‌లో పెంచాలి, జాతి పేరు కూడా ఉండాలి అంటే ముధోల్ హౌండ్ చూడు. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా, ముధోల్ రాజులు పెంచిన వేట కుక్క, సన్నగా, పొడుగ్గా, పొట్టి బొచ్చు, ఇంట్లో పిల్లిలా పడుకుంటుంది. 2005లో తపాలాబిళ్ల మీద వేశారు, 2016లో మీరట్‌లో సైన్యం వాళ్లు శిక్షణకి తీసుకున్నారు. అక్కడ తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కేంద్రం ఉంది, పిల్లల్ని బయటివాళ్లకీ ఇస్తారు, నువ్వు చెప్పిన బడ్జెట్‌లో పదో వంతు కూడా కాదు. ఇబ్బంది ఏంటంటే రోజూ పరుగెత్తాలి, నడక చాలదు, గొలుసు వదిలితే పిల్లి వెనకో మేక వెనకో బెంజ్ సర్కిల్ దాకా పోతుంది. పొద్దున్నే లేచే అలవాటు నీకు లేకపోతే ఇదీ వద్దు. రాజపాళయం గురించి కూడా అడుగుతారు, తెల్లగా, గులాబీ ముక్కుతో చాలా అందంగా ఉంటుంది, కానీ కొత్తవాళ్లని చేరనివ్వదు, కొన్నిటికి పుట్టుకతో చెవుడు ఉంటుంది, మొదటిసారి కుక్కని పెంచేవాళ్లకి నేను చెప్పను.

అమ్మగారూ పాపా ఉన్న ఇల్లు, మొదటి కుక్క, మూడో అంతస్తు. నన్ను నిక్కచ్చిగా అడిగితే, ఏడాది నిండిన, గుణం తెలిసిన కుక్కని తీసుకోమంటా, ఏ జాతైనా సరే, పదిహేను ఇరవై కిలోల లోపుది. పిల్ల గుణం ఎవరూ చెప్పలేరు, ఏడాది కుక్క గుణం ఒక పూట దాంతో గడిపితే తెలిసిపోతుంది. నా దగ్గరే ఇప్పుడు యజమానులు అమెరికా వెళ్లిపోతూ వదిలేసిన రెండు ఉన్నాయి, అమ్మకానికి కాదు, ఊరికే చెబుతున్నా.

ఇంకా మాస్టిఫ్ మీద మనసు పోకపోతే ఒక పని చెయ్. అమ్మేవాడికి ఫోన్ చేసి మూడు అడుగు. తల్లితో కలిపి పిల్లని వీడియో కాల్‌లో చూపించమను, రికార్డు చేసిన వీడియో కాదు. చిప్ రీడర్ పెట్టి నంబరు చదివి వినిపించమను. 56 రోజులు నిండాక వచ్చి డాక్టరు గారికి చూపించి అక్కడే డబ్బిస్తానను. ఒప్పుకుంటే ఆ నంబరు నాకు పంపు, కాగితాలతో సరిపోతుందో లేదో చూసి చెబుతా. ఆదివారాలు మాత్రం ఫోన్ ఎత్తను, ఆ రోజు అన్నిటికీ స్నానాలు.